పేకముక్కలతో నేత, ఫోన్‌లో డిజైన్: సాఫ్ట్‌వేర్‌కి దారం లెక్క నేర్పుదాం

 

ఇవాళ్టి టాపిక్ నేత డిజైన్. "అది మనకెందుకు అన్నా, మనది బీటెక్ బ్యాచ్ కదా" అనుకొని స్కిప్ చేయకండి. ఈ వీడియోలో మగ్గం ఎంత ఉంటదో, కోడింగ్ కూడా అంతే ఉంటది. ఒక పాత పేకముక్కల కట్ట, రెండు రంగుల దారం, చేతిలో ఫోన్ ఉంటే చాలు, ఇందులో సగం మీరు ఇంట్లోనే చేసి చూడొచ్చు.

మన చిట్యాల నుంచి హైవే మీద హైదరాబాద్ దిక్కు పోతే చౌటుప్పల్ వస్తది. ఆ చుట్టుపక్కలనే కొయ్యలగూడెం, పుట్టపాక, ఇంకొంచెం అవతల భూదాన్ పోచంపల్లి. ఇక్కత్ అని ప్రపంచమంతా పిలిచే బట్టని ఈ ఊర్లలో నేస్తరు. మన దగ్గర దాన్ని చిటికి అంటరు. పోచంపల్లి ఇక్కత్‌కి 2005లో జీఐ గుర్తింపు వచ్చింది, పుట్టపాక తేలియా రుమాల్‌కి 2020లో వచ్చింది. పుట్టపాక నుంచే గజం గోవర్ధన గారికి 2011లో, గజం అంజయ్య గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. అంటే మన ఇంటి పక్కనే ప్రపంచ స్థాయి డిజైన్ సెంటర్ ఉన్నట్టు. కానీ మనలో చాలామంది దాన్ని బస్సు కిటికీలోంచి మాత్రమే చూసినం.

మరి ఆ ఊర్ల పిల్లలు, మనలాంటి వాళ్లు, ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "నేత డిజైన్ చేయాలంటే ఏ యాప్ వాడాలె?" ఈ ప్రశ్నకి నా జవాబు యాప్ పేరు కాదు. ఆ యాప్‌కి దారం గురించి ఏం తెలుసు అన్నది ముందు అడగాలె. ఎందుకో చెప్తా. ముందు చిన్న నేత, తర్వాత పెద్ద నేత.

మగ్గం లేని నేత

నేతలో రెండు రకాల దారాలు ఉంటయి. పొడుగ్గా సాగదీసి కట్టేది పడుగు. అడ్డంగా పోయేది పేక. పడుగులో కొన్ని దారాలు పైకి లేవాలె, కొన్ని కిందికి పోవాలె, మధ్యలో వచ్చిన సందులోంచి పేక దూరాలె. మగ్గం చేసే పని ప్రధానంగా ఇదే.

ఈ పనిని మగ్గం లేకుండా అట్టముక్కలతో చేసే పద్ధతి ఒకటి ఉంది. కార్డ్ వీవింగ్ అంటరు, టాబ్లెట్ వీవింగ్ అని కూడా అంటరు. టాబ్లెట్ అంటే మన చేతిలో ఉండే ట్యాబ్ కాదు, చిన్న పలక. చాలా పాతది ఇది. నార్వేలో ఓసెబెర్గ్ అనే చోట 834లో పూడ్చిన ఒక ఓడని 1904లో తవ్వి తీస్తే, అందులో 52 చెక్క పలకలు, వాటికి ఇంకా ఎక్కించే ఉన్న దారాలు దొరికినయి. నేస్తూ నేస్తూ మధ్యలో ఆపేసిన పట్టీ అది.

ఎట్లా పని చేస్తదో చూడండి. పేకముక్కని చదరంగా కత్తిరించండి. నాలుగు మూలల్లో నాలుగు రంధ్రాలు. ఒక్కో రంధ్రంలో ఒక్కో పడుగు దారం. ఇట్లాంటివి 20 కార్డులు తయారు చేసి, పేకాటలో కట్ట పట్టుకున్నట్టు పక్కపక్కన నిలబెట్టండి. దారాల ఒక కొస కిటికీ చువ్వకి, రెండో కొస మీ నడుముకి. ఇప్పుడు ప్రతి కార్డులో రెండు దారాలు పైన ఉంటయి, రెండు కింద ఉంటయి. మధ్యలో సందు దానంతట అదే వచ్చింది. పేక దూర్చండి. కార్డులన్నీ పావు చుట్టు తిప్పండి. మళ్లీ పేక దూర్చండి. అంతే.

పావు చుట్టు తిప్పిన ప్రతిసారీ ఒక కార్డులోని నాలుగు దారాలు ఒకదాని చుట్టూ ఒకటి పురి తిరిగి సన్నని తాడైతయి. 20 కార్డులు అంటే పక్కపక్కన 20 తాళ్లు. వాటన్నిటినీ పేక కుట్టినట్టు పట్టి ఉంచుతది. అందుకే ఈ పట్టీ చాలా గట్టిగా ఉంటది. బెల్టుకి, బ్యాగు పట్టీకి, జాకెట్ అంచుకి బాగా పనికొస్తది. కానీ చీర నేయలేం. వందల కార్డులు చేతిలో పట్టి తిప్పడం అయ్యే పని కాదు.

ఇప్పుడు కోడ్

ఈ పట్టీ డిజైన్‌ని కంప్యూటర్‌కి చెప్పాలంటే ఏమేం కావాలె? ప్రతి కార్డుకి నాలుగు రంధ్రాల్లో నాలుగు రంగులు. మొదట ఏ రంధ్రం దగ్గర మొదలైతది. దారాలు కార్డుకి ఏ ముఖం నుంచి దూరినయి, కుడి నుంచా, ఎడమ నుంచా. ఇగ ప్రతి వరసకి, కార్డుని ముందుకి తిప్పినమా, వెనక్కి తిప్పినమా. డిజైన్‌కి ఇంతే.

20 కార్డులకి 80 దారాలు. ఒక్కో దారం 2 మీటర్లు అనుకుంటే 160 మీటర్లు. ఏ రంగు ఎంత కొనాలో కూడా కోడ్ చెప్పేస్తది.

అన్ని కార్డుల్లో వరసగా రెండు ఎరుపు, రెండు తెలుపు పెట్టి, అన్నీ ఒకే చోట మొదలుపెడితే అడ్డచారలు వస్తయి. అదే ఒక్కో కార్డుని పక్క కార్డు కంటే ఒక రంధ్రం జరిపి మొదలుపెడితే ఏటవాలు గీత వస్తది. కొన్ని వరసలయినంక తిప్పే దిశ మారిస్తే ఆ గీత వెనక్కి మళ్లుతది. జిగ్‌జాగ్ రెడీ. దారాలు అవే, రంగులు అవే, ఎక్కడ మొదలు, ఎటు తిప్పుడు అన్న రెండు విషయాలతోనే డిజైన్ మారిపోయింది.

మనలో ఎవరైనా దీనికి కోడ్ రాయమంటే ఏం రాస్తరు? తిప్పిన లెక్కని 4తో భాగించి, శేషం తీసుకొని, ఆ నంబర్ రంధ్రంలో ఉన్న రంగు చూపించు. ముందుకి తిప్పితే ఒకటి కలుపు, వెనక్కి తిప్పితే ఒకటి తీసెయ్యి. చూడ్డానికి పర్ఫెక్ట్. కానీ పట్టీ మీద వచ్చేది వేరే.

నాలుగు రంగులకి 1, 2, 3, 4 అని పేరు పెడదాం. నాలుగుసార్లు ముందుకి, నాలుగుసార్లు వెనక్కి తిప్పితే ఆ కోడ్ 1, 2, 3, 4, 3, 2, 1, మళ్లీ 4 అని చూపిస్తది. నిజం పట్టీలో 1, 2, 3, 4, 4, 3, 2, 1 వస్తది. దిశ మారిన చోట అదే దారం పైనుంచే వెనక్కి వస్తది కాబట్టి అదే రంగు రెండుసార్లు కనిపిస్తది. కోడ్‌లో దిద్దుబాటు చిన్నదే. ముందుకి తిప్పేటప్పుడు రంగు చూపించి తర్వాత ఒకటి కలపాలె. వెనక్కి తిప్పేటప్పుడు ముందు ఒకటి తీసేసి తర్వాత రంగు చూపించాలె. రెండు లైన్ల వరస మారింది, అంతే. కానీ ఆ రెండు లైన్లు ఏ ట్యుటోరియల్ చూసినా అర్థం కావు. కార్డు చేతిలో పట్టుకొని తిప్పితే ఒక్క నిమిషంలో అర్థమైతది.

ఇంకొకటి. ఒకే దిక్కు తిప్పుకుంటూ పోతే కార్డుల అవతలి దిక్కు దారాలు పురి పడి బిగుసుకుపోతయి. ఒక దశ దాటినంక కార్డు తిరగదు. కాబట్టి మంచి సాఫ్ట్‌వేర్ బొమ్మతో పాటు, ఏ కార్డులో ఎంత పురి పేరుకుందో కూడా లెక్క పెడతది. ముందుకి ఎన్ని, వెనక్కి ఎన్ని, తేడా ఎంత. ఈ నేత కోసం గుంట్రామ్స్ టాబ్లెట్‌వీవింగ్ థింగీ అనే ప్రోగ్రామ్ చాలా ఏళ్లుగా వాడుకలో ఉంది. పేరు సరదాగా ఉంటది కానీ, పని మాత్రం సీరియస్. దారం ఎట్లా కదులుతదో దానికి తెలుసు, అందుకే నేసేవాళ్లు దాన్ని నమ్ముతరు.

ఇవాళ నేను చెప్పదలుచుకున్న పాయింట్ ఇదే. బొమ్మ గీసే సాఫ్ట్‌వేర్ వేరు, నేత సాఫ్ట్‌వేర్ వేరు. రెండోదానికి దారం ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలిసి ఉండాలె.

ఇగ చిటికి దగ్గరికి పోదాం

పట్టీలో కార్డు తిప్పితే రంగు మారుతది. జకార్డ్ మగ్గంలో రంధ్రాల అట్టలు ఏ దారం లేవాలో చెప్తయి. 1804 నాటి ఆ అట్టల ఐడియానే తర్వాత బాబేజ్ తన లెక్కల యంత్రానికి తీసుకున్నడు, అక్కడి నుంచి మన కంప్యూటర్ల దాకా వచ్చింది. జకార్డ్, డాబీ డిజైన్ల కోసం మన దేశంలోనే డిజిటల్ ఇండియా కార్పొరేషన్ వాళ్లు డిజిబునాయి అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తయారు చేసిండ్రు. ఇంట్రెస్ట్ ఉన్నవాళ్లు చూడండి.

కానీ చిటికి వీటన్నిటికంటే వేరే కథ. ఇందులో డిజైన్ మగ్గం మీద పుట్టదు. మగ్గం ఎక్కకముందే దారం మీద పుడుతది. తెల్లగా మిగలాల్సిన చోట దారాన్ని రబ్బరు పీలికలతో గట్టిగా కట్టి ఎరుపులో ముంచుతరు. తర్వాత ఎరుపుగా నిలవాల్సిన చోట కట్టి నలుపులో ముంచుతరు. కట్లు విప్పితే దారం మీద తెలుపు, ఎరుపు, నలుపు ముక్కలు ముక్కలుగా ఉంటయి. ఆ దారాన్ని నేస్తే ముక్కలన్నీ పక్కపక్కన చేరి పువ్వో, ఏనుగో అయితయి. పడుగు మాత్రమే కడితే ఒక రకం, పేక మాత్రమే కడితే ఒక రకం. రెండూ కట్టి, ఒకదాని రంగు మీద ఇంకోదాని రంగు సరిగ్గా వచ్చి కూర్చునేట్టు నేస్తే డబుల్ ఇక్కత్. పుట్టపాక పేరు మోగింది దీంతోనే.

డబుల్ ఇక్కత్‌లో రంగుల లెక్క చూస్తే కోడింగ్ వాళ్లకి మజా వస్తది. పడుగులో మూడు రంగులు, పేకలో అవే మూడు రంగులు. ఎరుపు మీద ఎరుపు పడితే నిండు ఎరుపు. ఎరుపు మీద తెలుపు పడితే లేత ఎరుపు. మొత్తం 9 కలయికలు. ఎరుపు మీద తెలుపు, తెలుపు మీద ఎరుపు కంటికి దాదాపు ఒకేలా ఉంటయి కాబట్టి కనిపించే షేడ్లు 6. మూడు నిండు రంగులు, మూడు కలిపిన రంగులు. సాఫ్ట్‌వేర్‌లో ఈ ఆరింటినే ప్యాలెట్‌గా పెట్టాలె. ఏడో షేడ్ వాడితే ఆ బొమ్మ మగ్గం మీద రాదు.

తర్వాత కొలత. ఇంచుకి 60 పేకలు పడతయని లెక్కేసి 600 పేకల డిజైన్ కట్టినం అనుకోండి. 10 ఇంచుల పువ్వు. నేసేటప్పుడు చెయ్యి కొంచెం తేలికపడి ఇంచుకి 58 పడితే ఆ పువ్వు 10.34 ఇంచులైతది. ఒట్టి పేక చిటికి అయితే పువ్వు కొంచెం సాగుతది, అంతే. డబుల్ ఇక్కత్‌లో అయితే పడుగు మీద ఉన్న సగం పువ్వు 10 ఇంచులకే ఆగిపోతది, పేక మీద ఉన్న సగం ముందుకి పోతది. బొమ్మ చెదిరిపోతది. అందుకే నేసే మనిషి ప్రతి పేకకీ కళ్లతో చూసి, చేత్తో సర్ది, దెబ్బ వేస్తడు. స్క్రీన్ మీద ఈ సర్దుడు కనిపించదు.

ఇగ అన్నిటికంటే ముఖ్యమైన నంబర్, కట్లు. ఉదాహరణకి 40 వరసల బొమ్మ తీసుకోండి. ఒక్కో వరసలో రెండు చోట్ల కట్టాలంటే 80 కట్లు. పై సగం, కింది సగం అద్దంలో చూసినట్టు ఒకేలా ఉంటే, జత వరసలని కలిపి ఒకేసారి కట్టొచ్చు. 40 కట్లకి దిగింది. అదే బొమ్మకి అంచులు వంకరలు తిప్పి, వరసకి ఐదు చోట్ల కట్టాల్సి వచ్చి, సగాలు కూడా కలవకపోతే 200 కట్లు. చూసేవాళ్లకి రెండు బొమ్మలూ బాగానే ఉండొచ్చు. కట్టే చేతులకి మాత్రం ఐదింతల తేడా. మన చిటికిలో అంత సిమెట్రీ ఎందుకుంటదో ఇప్పుడు అర్థమైందా? అందం కోసం ఉంటది, నిజమే. శ్రమ లెక్క కోసం కూడా ఉంటది. ఈ ఆప్టిమైజేషన్‌ని గ్రాఫ్ పేపర్, పెన్సిల్‌తోనే మన పెద్దలు చేసిండ్రు.

ఏఐ బొమ్మ గురించి ఒక మాట

ఇప్పుడు ఏ ఏఐ యాప్‌లో అయినా "పోచంపల్లి డిజైన్" అని టైప్ చేస్తే పది సెకన్లలో బొమ్మ వస్తది. మస్తుగ ఉంటది కూడా. కానీ జూమ్ చేసి చూడండి. ఎన్ని షేడ్లు ఉన్నయి? ఎడమ, కుడి నిజంగా ఒకేలా ఉన్నయా? వరసకి ఎన్ని కట్లు పడతయి? ఆ బొమ్మకి ఇవేవీ తెలియవు. దానికి ఇక్కత్ ఎట్లా కనిపిస్తదో తెలుసు, ఎట్లా తయారైతదో తెలియదు.

అసలు సమస్య ఇక్కడే ఉంది. ఆ బొమ్మ మగ్గానికి పనికిరాకపోయినా, ప్రింటింగ్ మెషిన్‌కి బ్రహ్మాండంగా పనికొస్తది. ఫైల్ పంపితే చాలు, పాలిస్టర్ మీద ముద్రించి మార్కెట్లో పెడతరు. అంటే మన ఊరి పిల్లలు బొమ్మలు గీయడం వరకే నేర్చుకుంటే, తెలియకుండానే ప్రింట్ చేసేవాళ్లకి పని చేసిపెట్టినట్టు. అదే కట్ల జాబితా ఇచ్చే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తే? ఏ వరసలో ఎన్నో దారం నుంచి ఎన్నో దారం దాకా కట్టాలె, ముందు ఏ రంగు, తర్వాత ఏ రంగు, మొత్తం కట్లు ఎన్ని అని చెప్పే ఫైల్. ఆ ఫైల్ ప్రింటర్‌కి దేనికీ పనికిరాదు. కట్టడం వచ్చిన చేతులకే పనికొస్తది. ఏ ఫైల్ ఎవరికి ఉపయోగపడతదో, ఫార్మాట్ దగ్గరే తేలిపోతది.

కొనేవాళ్లకి ఒక చిన్న టిప్. బట్ట తిప్పి చూడండి. చిటికిలో దారానికే రంగు ఉంటది కాబట్టి రెండు వైపులా బొమ్మ ఒకేలా ఉంటది, అంచులు కొంచెం ఈకల్లా చెదిరి ఉంటయి. ప్రింట్ అయితే సాధారణంగా వెనక వైపు వెలిసినట్టు ఉంటది.

డిజైన్ చేసేవాళ్లకి ఇంకో టిప్. జీఐ ప్రధానంగా పేరుని కాపాడుతది, మీ సొంత కొత్త డిజైన్‌ని కాదు. దానికి 2000 సంవత్సరపు డిజైన్ల చట్టం ఉంది. రిజిస్టర్ చేస్తే మొదట 10 ఏళ్లు, పొడిగిస్తే ఇంకో 5 ఏళ్లు రక్షణ ఉంటది. కానీ డిజైన్ కొత్తదై ఉండాలె, అప్పటికే బయటపెట్టినది కాకూడదు. అంటే రీల్ పోస్ట్ చేసి లైకులు లెక్కపెట్టుకున్నంక అప్లై చేస్తే చిక్కే. ముందు అప్లికేషన్, తర్వాత ఇన్‌స్టా. తాతల కాలం నుంచి వస్తున్న బొమ్మని మాత్రం ఎవరూ నా సొంతం అనలేరు, అనకూడదు కూడా.

మల్లేశం గారి దగ్గర నేర్చుకోవాల్సింది

చింతకింది మల్లేశం గారి పేరు మీకు తెలుసు. 2019లో సినిమా కూడా వచ్చింది. ఆలేరు దగ్గర శారాజీపేట ఆయన ఊరు. చిటికి కట్టేముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే పని ఉంటది, దాన్ని ఆసు పోయడం అంటరు. ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడాలె. వాళ్ల అమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూసి, చదువు మధ్యలోనే ఆగిపోయిన ఆ మనిషి ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం పూర్తి చేసిండు. దానికి లక్ష్మి ఆసు యంత్రం అని అమ్మ పేరే పెట్టిండు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఇందులో మనలాంటి ఇంజనీర్లకి పాఠం ఏంటంటే, ఆయన టెక్నాలజీ పట్టుకొని సమస్య కోసం వెతకలేదు. చెయ్యి ఎక్కడ నొప్పి పెడుతుందో చూసి అక్కడి నుంచి మొదలుపెట్టిండు. చిటికి కళని మార్చలేదు, కట్టే మనిషిని తీసేయలేదు. నొప్పి పుట్టించే పనిని మాత్రమే యంత్రానికి ఇచ్చిండు. డిజైన్ సాఫ్ట్‌వేర్ కూడా అట్లనే ఉండాలె. గ్రాఫ్ మీద గళ్లు లెక్కపెట్టి కళ్లు గుంజే పని దానికి ఇద్దాం. ఏ పువ్వు వేయాలె, ఏ రంగు పెట్టాలె అన్నది మనిషి దగ్గరే ఉంచుదాం.

ఇట్లా ఎందుకు పట్టుబడుతున్నా అంటే, నేత ఇండ్లలో ఈ లెక్కంతా ఒకరిద్దరి తలకాయల్లో ఉంటది. పిల్లలు నాలాగే బీటెక్ చేసి సిటీకి పోతరు. తప్పేం లేదు, అందరూ మగ్గం మీదే కూర్చోవాలని నేను అనను. కానీ లెక్క తెలిసిన పెద్దమనిషి పోయినంక అది ఎక్కడా రాసి ఉండదు. చీర ఫోటో మిగులుతది, కట్లు ఎట్లా వేసిండ్రో మిగలదు. మనకి వచ్చిన పని కోడ్ రాయడం కదా? ఆ లెక్కని రాసి పెట్టగలిగేది మనమే.

ఈ వారం మీ పని

ఒకటి. ఎనిమిది పేకముక్కలు కత్తిరించి, రెండు రంగుల దారం ఎక్కించి, జాన పొడవు పట్టీ నేయండి. 4 ముందుకి, 4 వెనక్కి. దిశ మారిన చోట రంగు రెండుసార్లు వస్తదో లేదో మీ కళ్లతో చూడండి.

రెండు. అదే పట్టీకి పైథాన్‌లో కోడ్ రాయండి. ఫోన్‌లో అయినా పర్లేదు, ఎక్సెల్ షీట్ అయినా పర్లేదు. స్క్రీన్ మీద వచ్చిందీ, చేతిలో ఉన్నదీ ఒకటి కావాలె. కాకపోతే కోడ్‌ని దిద్దండి, దారాన్ని కాదు.

మూడు. ఇంట్లోనో, చుట్టాల్లోనో చిటికి కట్టేవాళ్లు ఉంటే ఒక గంట పక్కన కూర్చోండి. ఫోన్ జేబులో పెట్టి, ముందు చూడండి. తర్వాత "ఈ బొమ్మకి ఎన్ని కట్లు పడ్డయి తాతా, ఎట్లా తగ్గించినవ్?" అని అడగండి. ఆయన చెప్పేదే మీ సాఫ్ట్‌వేర్‌కి స్పెసిఫికేషన్.

పట్టీ నేసినవాళ్లు ఫోటో పంపండి, కోడ్ రాసినవాళ్లు కోడ్ పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో ఒక చిన్న చిటికి బొమ్మ తీసుకొని, కట్ల జాబితా వచ్చే కోడ్‌ని లైవ్‌లో మొదటి లైన్ నుంచి రాద్దాం. అప్పటిదాకా సెలవు.